పేరులేని సాక్షి: ఖమ్మము, భద్రాచలముల యడవి సరిహద్దున నొక సామాన్యుని చరిత్రమును శోధించు విధము

శాసనములను చదువువారికి ఒక విషయము సుపరిచితము. భూమిని దానము చేసిన రాజు పేరును, దానిని పుచ్చుకొనిన వాని పేరును, ఒక్కొక్కయెడ శాసనమును చెక్కిన శిల్పి పేరును రాతిమీద నుండును. ఆ పొలమునకు నాలుగు దిక్కుల యెల్లలు నుండును. ఆ పొలమును దున్నినవాని పేరు మాత్రము సామాన్యముగా నుండదు. ఇది ప్రాచీనచరిత్రమునకే గల లోపమని మనము తలచుచుందుము. కాని మన తాతల నాటి చరిత్రమును పరిశీలించినను ఇట్టి లోపమే కానవచ్చును. 1946 మొదలు 1951 వరకు హైదరాబాదు రాజ్యపు తెలుగు జిల్లాలలో జరిగిన సాయుధసంఘర్షణమును గూర్చి నాయకుల స్మృతిగ్రంథములు గలవు, ప్రభుత్వ ప్రకటనలు గలవు, రాజకీయపక్షముల సమీక్షలు గలవు. ఆ యేండ్లలో కిన్నెరసాని యొడ్డున జొన్న చల్లుకొని, ఇప్పపువ్వు నేరుకొని బ్రదికిన యొక కోయ గృహస్థునకు ఏమి సంభవించినదని యడిగినచో, ఆ గ్రంథములలో బెక్కింటియందు "ప్రజలు" అను నొక్క మాటయే బదులుగా దొరకును. ఆ మాట యసత్యము కాదు. కాని "ప్రజలు" అనుదానికి ఆకలి వేయదు. గుడిసె కాలినపుడు అది యేడువదు. ఆకలియు భయమును ఒక్కొక్క మనుష్యునకు వేరువేరుగా గలుగునవి.

ఆ యొక్క మనుష్యుని చరిత్రమును శోధించు విధమెట్టిదో యీ వ్యాసమున విచారింపదలచితిని. వాని పేరు మనకు దక్కలేదు గావున, ఒక సామాన్యుని మనమే నిలుపుకొని, వాని జీవితమున నే యంశము సాక్ష్యమునకు నిలుచునో, ఏది నిలువదో చూడవలసియున్నది. ఇది కథ వ్రాయుట గాదా యని విజ్ఞులు శంకింపవచ్చును. కథకుడు తన పాత్ర మనసులోనికి స్వేచ్ఛగా బోవును. చరిత్రకారుడు వాకిటనే నిలువవలయును. ఈ భేదమును మరువకుండుటకై ప్రతివాక్యమును నాలుగు తరగతులలో నొకదానియందు జేర్చుట మంచిది. పలువురు సాక్షుల వలన నిర్ధారణమైనది సిద్ధము. కార్యమును బట్టి కారణమును గ్రహించినది అనుమేయము. అట్టివారికి జరిగినది వీనికిని జరిగియుండుననుట సంభావ్యము. సాక్ష్యము చేరజాలని చోటు శూన్యము. శూన్యమును శూన్యముగనే విడుచుట ఈ పద్ధతికి బ్రాణము.

ఇట్టి ప్రయత్నమునకు పరదేశమున నొక మేలుబంతి గలదు. ఫ్రాన్సు దేశపు చరిత్రకారుడు అలాన్ కోర్బాన్ పురాభాండాగారపు పట్టికలలో నుండి యాదృచ్ఛికముగా నొక పేరు నెన్నుకొని, ఆ మనుష్యుని చరిత్రమును 1998లో గ్రంథముగా బ్రకటించెను. వాడు లూయీ ఫ్రాన్స్వా పినాగో. బెల్లెమ్ అను నడవి యంచున కొయ్యచెప్పులు చేసికొని బ్రదికినవాడు. 1798లో బుట్టి 1876లో గతించెను. చదువురానివాడు, తన్ను గూర్చి యొక్క వాక్యమును వ్రాసిపెట్టలేదు. అయినను వాని యడవిని, వాని కూలిని, వాని గ్రామము మీదుగా బోయిన శత్రుసైన్యములను గూర్చి కోర్బాన్ సాక్ష్యములను గూర్చి, వాని చుట్టునున్న లోకమును చూపగలిగెను. ఫ్రాన్సున బ్రతి గ్రామమునకును జననమరణముల పట్టిక యుండుటచే అతనికి బేరును దేదీలును దొరకినవి. మన యడవిగూడెములకు అట్టి పట్టిక లేదు. కావున అతడు పేరుతో నారంభించెను. మనము ప్రదేశముతో నారంభింపవలయును.

ప్రదేశము

నేడు భద్రాచలమునకు బోవువాడు వంతెన మీద గోదావరిని దాటి శ్రీరామచంద్రుని దర్శించును. ఆ నది యొకప్పుడు రెండు రాజ్యములకు సరిహద్దని అతనికి స్ఫురింపకపోవచ్చును. భద్రాచల, రేకపల్లి ప్రాంతములు 1860 వరకు నిజాము రాజ్యమున నుండెను. ఆ యేటి సంధిచే ఆంగ్లేయుల వశమై మధ్యపరగణాలలో జేరెను. 1874లో చెన్నరాజధానిలోని గోదావరి జిల్లాకు మారెను. కుడియొడ్డుననున్న బూర్గంపాడు, పాల్వంచ, ఇల్లెందు సీమలు నిజామునకే మిగిలినవి. 1953 అక్టోబరు 1వ తేదీన వరంగల్లు జిల్లానుండి ఖమ్మము జిల్లా యేర్పడెను. 1959లో భద్రాచలము దానిలో గలిసెను. 2016లో నీ యడవిసీమలో బెద్దభాగము భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యయ్యెను. అనగా మనము విచారించు కాలమున, ఒకే భాష మాటలాడుచు, ఒకే గోత్రపు గట్టునకు జెందిన కోయ కుటుంబములు, నది కీవల నిజాము పట్వారికిని, ఆవల చెన్నపురి ప్రభుత్వపు ఏజన్సీ యధికారికిని లోబడియుండెను.

ఈవలి యొడ్డున హాలీ రూపాయి చెల్లును. ఆవల కల్దారు రూపాయి చెల్లును. ఏడు హాలీలకు ఆరు కల్దారులు మారకము. ఈవలి దస్తావేజు ఉర్దూలో నుండును. ఆవలిది ఇంగ్లీషున గాని తెలుగున గాని యుండును. ఆవలి యడవికి 1882 నాటి మదరాసు అటవీచట్టము. ఈవలి యడవికి నిజాము శాసనములు, వానిలో గడపటిది 1355 ఫసలీ నాటిది. చట్టములు రెండైనను కోయవానికి ఫలమొక్కటియే. తాతలనాడు గొడ్డలితో నరికి, తగులబెట్టి, బూడిదలో విత్తనము చల్లిన పోడు నేరమయ్యెను.

పోడును బట్టి జరిగిన పోరు ఈ సీమకు గ్రొత్త గాదు. 1879లో రంపదేశమున లేచిన పితూరీ ఆ యేడే రేకపల్లికి వ్యాపించినది. మధ్యపరగణాల యేలుబడిలో స్వల్పమైన పోడుపన్ను చెన్నపురి యేలుబడికి వచ్చినపిమ్మట హెచ్చుటయు, కొన్నిచోట్ల పోడు నిషిద్ధమగుటయు దానికి ముఖ్యకారణములని 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరు వలన దెలియుచున్నది. ఆ పితూరీకి మూడేండ్లు ముందే, 1876లో, దుమ్ముగూడెపు మతబోధకుడు జాన్ కెయిన్ భద్రాచల, రేకపల్లి తాలూకాలను గూర్చి 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో వ్రాసెను. మన సామాన్యుని తాతల లోకమును గూర్చి యక్షరరూపమున మిగిలిన సాక్ష్యములలో నదియొకటి.

కాలగణనము

ఇట శోధకులు జాగరూకులై యుండవలసిన విషయ మొకటి గలదు. ఉభయతీరములందును ఫసలీ సంవత్సరమే వాడుకలో నుండెను. ఫసలీ సంఖ్యకు 590 కలిపిన నా సంవత్సరము మొదలగు క్రీస్తుశకాబ్దము వచ్చును. కాని చెన్నరాజధానిలో ఫసలీ జూలై 1వ తేదీన మొదలగును. నిజాము రాజ్యమున నది ఆజూరు మాసముతో, అనగా అక్టోబరులో, మొదలగును. కావున 1358 ఫసలీ అని యొక కాగితమున నున్నచో, అది భద్రాచలమునాటిదైన 1948 జూలై నుండి లెక్క. బూర్గంపాటిదైన ఆ యేటి అక్టోబరు నుండి లెక్క. ఆ రెండింటి నడుమ, 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వరకు, భారతసైన్యము హైదరాబాదులో బ్రవేశించిన పోలీసుచర్య జరిగినది. ఆ మూడుమాసముల భేదమును గమనింపనివాడు ఒక గుడిసెను కాల్చినవారు రజాకార్లో, పిమ్మట వచ్చినవారో తారుమారు చేసి వ్రాయును. ఒక సంఖ్యను చదువుటలోని యేమరుపాటు నేరమును ఒకరి నెత్తినుండి మరియొకరి నెత్తికి మార్చగలదు.

సామాన్యుని కాలగణనము ఫసలీని గాని క్రీస్తుశకమును గాని యెరుగదు. కోయలు పండుగను పండుమందురు. విత్తనములకు ముందు భూమిపండుము, క్రొత్తపంటను నాలుకపై బెట్టుకొనుటకు ముందు కొత్తపండుగ. వీనిని బట్టియు, వానలను బట్టియు, పెద్ద యాపదలను బట్టియు వారికి ఏండ్ల లెక్క. వృద్ధుడు "గుడిసెలు కాలిన యేటి ఇప్పపువ్వు కాలము" అన్నచో అది తేదీ లేని మాట గాదు. ఇప్పపువ్వు రాలునది వేసవి మొదట గావున మాసము దానియందే యున్నది. గుడిసెలు కాలిన యేడెద్దియో వేరొక సాక్ష్యమువలన దెలిసినచో సంవత్సరమును దొరకును.

సంఘర్షణమునకు ముందు

మన సామాన్యుని 1910 ప్రాంతమున కిన్నెరసాని పరిసరపు గూడెమున బుట్టిన కోయవానిగా నిలుపుకొందము. వానికి బేరు పెట్టను. పేరు పెట్టినచో లేని మనుష్యునకు ఉనికిపత్రము వ్రాసి యిచ్చినట్లగును. వాని యౌవనమున సిద్ధముగా జెప్పదగినవి కొన్ని గలవు. వానికి అడవి యిల్లును, కొట్టును, గుడియును. సర్కారు వారికి అదియే "జంగ్లాతు". జంగ్లాతు సిబ్బందియు, పట్వారియు, పర్యటించు నధికారులును గూడెములచే వెట్టి చేయించుకొనుచుండిరి. బరువులు మోయుటయు, కోళ్లను సమర్పించుటయు దానిలోని భాగములు. 1937 నుండి కొత్తగూడెమున బొగ్గుగనులు నడచుటచే అడవినడుమ రైలును, కూలిపనియు, వడ్డీవ్యాపారియు వచ్చి చేరెను. 1940లో ఆదిలాబాదు జిల్లా జోడెఘాటున కొమురం భీము హతుడైన తరువాత నిజాము ప్రభుత్వము అడవిజనుల స్థితిని విచారింప నారంభించి, నరశాస్త్రజ్ఞుడగు ఫ్యూరర్ హైమన్‌డార్ఫును సలహాదారుగా నియమించెను. అతడు కొండరెడ్లను గూర్చి వ్రాసిన గ్రంథమును, హైదరాబాదు రాజ్యపు ఆటవికజాతులను గూర్చిన నివేదికలును 1945లో బ్రకటితములైనవి. అడవిజనుల భూములు అప్పుల వలనను, అక్షరజ్ఞానము లేమివలనను పరహస్తగతమగుట ఆ వ్రాతలలో స్పష్టము.

అదే 1945లో ఖమ్మమున పండ్రెండవ ఆంధ్రమహాసభ జరిగినది. వెట్టిని మాన్పవలెనను సందేశము మైదానగ్రామములనుండి అడవియంచుకు బ్రాకుట ఆ ప్రాంతములందే. జనులు కమ్యూనిస్టుల నాయకత్వముననున్న ఆ యుద్యమమును "సంఘము" అనిరి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణించిన తరువాత సంఘము సాయుధమగుటయు, రజాకార్లు గ్రామములపై బడుటయు, 1948 సెప్టెంబరులో రాజ్యము భారతదేశమున గలియుటయు సుప్రసిద్ధములు. మైదానముల జనులలో బెక్కుమందికి ప్రధానసంఘర్షణము అంతటితో ముగిసినట్లుండెను. అడవివానికి అది అప్పుడే మొదలయ్యెను. కారణము సులభగ్రాహ్యము. సంఘమువారు ఆయుధములను విడువ నిరాకరించిరి. మైదానములలో సైన్యమునకు నిలువజాలక దళములు నల్లమల యడవులకును, గోదావరి యడవులకును దరలివచ్చెను. అడవి తన యిల్లైనవానికి ఇతరుల యుద్ధము ఇంటిలోని కతిథి యయ్యెను.

పగలు భుజింపని దేవదత్తుడు

ఇక ప్రధానాంశమునకు వత్తము. మీమాంసకులు అర్థాపత్తి యను ప్రమాణమునకు జెప్పు ప్రసిద్ధోదాహరణము మన పండితులకు గంఠస్థము. దేవదత్తుడు పగలు భుజింపడు, అయినను బలిసియున్నాడు, కావున రాత్రి భుజించుచుండవలయును. గోదావరి యడవులలోని దళములకును ఈ న్యాయమే వర్తించును. వారికి సేద్యము లేదు, అంగడి లేదు. పగలు పొగ కానవచ్చునను భయమున నిప్పు రాజేసికొనుటయు కష్టమే. అయినను వారు 1951 వరకు నిలిచిరి. కావున రాత్రివేళ నెవరో వారికి అన్నము పెట్టిరి. ఆ యెవరో అడవిగూడెములవారు గాక మరియెవ్వరు? ఇది అనుమేయము, బలమైన యనుమేయము. మన సామాన్యుడును ఒకనాటిరాత్రి తన కుండలోని జావను పోసియుండుననుట సంభావ్యము.

ఆ జావ నేల పోసెను? ఇచట అర్థాపత్తి యాగిపోవును. దేవదత్తుడు రాత్రి భుజించెనని ఆ ప్రమాణము చెప్పగలదు గాని, వండిపెట్టినవారి మనస్సును జెప్పజాలదు. వెట్టిని మాన్పినవారను కృతజ్ఞతచే బోసియుండవచ్చును. తుపాకి చూచి భయపడి పోసియుండవచ్చును. దళములలో గోయయువకులును జేరియుండుటచే బంధువునకు బోసియుండవచ్చును. వాకిటికి వచ్చినవానికి ఉన్నది పెట్టుట యాచారము గావున, ఇవి యేవియు దలపకయే పోసియుండవచ్చును. ఒకే రాత్రి యీ నాలుగును కలిసియు నుండవచ్చును. నిష్పక్షపాతియైన చరిత్రకారుడు ఇచట శూన్యమను గుర్తు నుంచవలయును.

నాటివారు మాత్రము ఆ శూన్యమును సహింపలేదు. ప్రభుత్వపక్షపు కాగితములు అట్టివానిని "ఆశ్రయమిచ్చినవాడు" అని లెక్కించును. ఉద్యమపక్షపు గ్రంథములు వానిని ఉద్యమాభిమానియగు వీరునిగా లెక్కించును. పోయనని నిరాకరించినవాడొక పక్షమునకు విశ్వాసపాత్రుడు, వేరొక పక్షమునకు వేగువాడు. ఒక గంటెడు జావనుండి ఒక మనుష్యుని సమస్తాంతరంగమును చదువుటలో ఉభయపక్షములకును భేదము లేదు. అది పుస్తకములలోని దోషము మాత్రమే యైనచో మనము నవ్వి యూరకుందుము. అట్టి చదువును బట్టియే శిక్షలు జరిగినవి.

శిబిరము

1948 సెప్టెంబరు 18 మొదలు 1949 చివరివరకు జనరల్ చౌదరి సైనికపాలనమును, 1950 జనవరి నుండి వెల్లోడిగారి మంత్రిత్వమును నడచెను. దేవదత్తునకు రాత్రిభోజనము మాన్పవలెనన్నచో వండిపెట్టువారిని దూరము చేయవలయునను నీతిని సైన్యము అవలంబించినది. అడవిలోపల విడివిడిగానున్న గూడెములను ఖాళీ చేయించి, జనులను బాటప్రక్కల శిబిరములలో జేర్చుటయు, విడిచివచ్చిన గుడిసెలను గాల్చుటయు, శిబిరములలో రోగములు ప్రబలి జనులు మరణించుటయు పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972 నాటి తమ తెలంగాణపోరాట గ్రంథమున వర్ణించి, దానిని మలయాదేశపు బ్రిగ్సు పథకముతో బోల్చిరి. మలయాలో బ్రిటిషువారు 1950 నుండి సుమారు 5 లక్షల జనులను అడవియంచులనుండి తీసి కంచెల నడుమ గ్రొత్తగ్రామములలో నుంచిరి. గెరిల్లాయుద్ధము నెదుర్కొను ప్రభుత్వములు వేర్వేరు దేశములందు ఒకే విధముగా నాలోచించెననుటకు ఇది నిదర్శనము.

సుందరయ్యగారు ఉద్యమనాయకులు, వారి గ్రంథము పక్షగ్రంథము. అంతమాత్రమున ద్రోసిపుచ్చరాదు, అంతమాత్రమున దలదాల్చరాదు. అందలి యే యంశము పక్షమునకు ఉపయోగించునో, ఏది యుపయోగింపకున్నను జెప్పబడెనో విడదీయుట శోధకుని పని. సైన్యపు క్రౌర్యమును జెప్పుట పక్షమునకు ఉపయోగము. కావున అచట వేరొకసాక్ష్యము వలయును. గూడెమును విడిచినవారికి ఏ యే సీమలనుండి యే బాట కడకు దరలింపు జరిగెననుట స్థలవిషయము. దానిని నేలమీదనే పరీక్షింపవచ్చును.

శిబిరమును మన సామాన్యుని కన్నులతో జూచిన నేమి కానవచ్చును? గూడెమున వాని గుడిసె పొలము ప్రక్కన నుండెను. శిబిరమున బొరుగు గుడిసె ప్రక్క నుండెను. పోడు చేనికి రాత్రి కావలి లేనిదే అడవిపందులు పంటను మిగల్పవు. ప్రొద్దుగ్రుంకక ముందే శిబిరమునకు మరలవలసినవాడు కావలి యుండలేడు. ఊటనీటికి అలవాటుపడినవారు గుంపుగా నొకే బావి మీద నాధారపడిరేని రోగములు వచ్చుట సహజము. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలును. ఆ వేళకు జెట్టు క్రింద లేనివానికి ఆ యేటి పువ్వు లేదు. ఇవి కల్పనలు గావు; ఆ జీవనవిధానమునుండి తీసిన యనుమేయములు. ఈ లెక్కను బట్టి చూడగా శిబిరమనునది వానికి రాజకీయశిక్ష యగుటకు ముందు ఒక యేటి పంటనష్టము. 1951 అక్టోబరులో కమ్యూనిస్టుపక్షము సాయుధపోరాటమును విరమించినపుడు పక్షమునకు నొక యధ్యాయము ముగిసెను. ప్రభుత్వమునకు నొక దస్త్రము ముగిసెను. సామాన్యుని ప్రశ్న అప్పుడే మొదలైనది: పాత గూడెమునకు మరల పోవచ్చునా? పోయినచో ఆ పొలము వానిదా, జంగ్లాతువారిదా? వాడు లేని యేండ్లలో పోడు మీద మొలచిన చెట్లు వానికి విరోధసాక్షులై నిలిచియుండును.

సాక్షులెవరు?

కాగితముల సాక్ష్యమునకు లోపమున్నచోట నోటిసాక్ష్యము నడుగవలయును. ఈ విషయమున స్త్రీశక్తి సంఘటనవారు 1986లో బ్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర' మార్గదర్శకము. పోరాటమున బాల్గొనిన స్త్రీల మాటలను వారి నోటి వరుసలోనే వ్రాసికొని యచ్చువేసిన గ్రంథమది. నాయకుల గ్రంథములలో గానరాని ప్రశ్నలు, అనగా ప్రసవము, పసిబిడ్డ యేడుపు, దళమున వంట యెవరిది, ఇంటికి మరలినపుడు ఊరు స్వీకరించెనా యనునవి, అందు గానవచ్చును. అడవి కోయస్త్రీలను గూర్చియు ఇట్టి ప్రశ్నలే వేయవలసియున్నది. జావ పోసినది పురుషుడని మనము వ్రాసితిమి. కుండ చేతబట్టినది బహుశః వాని భార్య. పోలీసుకాగితమున నింటిపెద్ద పేరు మాత్రమే యుండును గావున, మన సామాన్యుని "వాడు" అని నిలుపుకొనుటయే కాగితముల పక్షపాతమునకు లోబడుట యని నేను ఒప్పుకొనవలసియున్నది.

కోయలలో డోలీలను గాయకులు పడిగెలను చిత్రపటములను విప్పి, గోత్రముల పుట్టుపూర్వోత్తరములను పాడుదురు. మేడారపు సమ్మక్క సారలమ్మల గాథ కాకతీయసైన్యముతోడి పోరును నేటికిని జనుల నాలుకపై నిలిపినది. అక్షరము లేనివారికి చరిత్రము లేదనుట యెంత పొరపాటో దీనివలన దెలియును. అయినను పాటకును సాక్ష్యమునకును భేదము గలదు. పాట సంఘటనను గోత్రగౌరవమునకు దగినట్లు మలచును. శోధకుడు పాటనుండి కాలమును గాక భావమును, వృద్ధుల మాటనుండి భావమును గాక స్థలమును గ్రహించుట సురక్షితము.

నోరులేని సాక్షులును గలవు. పాత గూడెమున్నచోట పాటిదిబ్బ మిగులును. కుండపెంకులును, నూరుడురాళ్లును, వరుసగా నాటిన చింతచెట్లును మిగులును. కోయలలో గతించినవారికి రాయి నిలుపు నాచారము గలదు. పాత గూడెపు రాళ్లనెంచి, శిబిరమున్న బాటప్రక్కన నట్టిరాళ్లున్నవా లేవా యని చూచినచో, ఏ కాగితమును జెప్పని యొక విషయము దెలియును: శిబిరమున జచ్చినవారికి రాయి నిలుపుటకు మిగిలినవారికి దీరిక యుండెనా?

ఈ శోధనము వలని ప్రయోజనము

ఇది పండితుల వినోదమునకై చేయవలసిన పని మాత్రమే కాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13వ తేదీని గీటుగా బెట్టి, అంతకుముందు పునరావాసము లేకుండ అక్రమముగా నడవిభూమినుండి వెడలగొట్టబడినవారికిని హక్కును జెప్పినది. 2008 నాటి నియమములు, హక్కు కోరువారు గాక యితరవృద్ధులు చెప్పిన మాటను వ్రాతమూలముగా నుంచినచో దానినొక సాక్ష్యముగా నంగీకరించును. అనగా మనము "నోటిమాట" యని పూర్వము త్రోసిపుచ్చినది నేడు చట్టముచేత బ్రమాణముగా గుర్తింపబడినది. కాని 1950లో బదియేండ్ల బాలుడైనవానికి నేడు ఎనుబదియైదేండ్లు దాటినవి. సాక్ష్యమునకు చట్టము తలుపు తెరచువేళకు సాక్షులు వెడలిపోవుచున్నారు.

స్థలమును వెడలిపోవుచున్నది. 2014లో బోలవరము నిర్మాణముకొరకు కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములును, బూర్గంపాడు, భద్రాచల మండలముల భాగములును ఆంధ్రప్రదేశమునకు మారినవి. పాటిదిబ్బలును, నిలిపిన రాళ్లును, చింతచెట్లును గల పల్లపుసీమ ముంపులోనికి బోవలసినది; జనులు పునరావాసకాలనీలకు దరలుచున్నారు. తాత శిబిరమునకు దరలిన కథను మనుమడు కాలనీకి దరలుచు జెప్పుకొను కుటుంబములు ఆ సీమలో నున్నచో ఆశ్చర్యము లేదు. ఒకమారు దేశరక్షణమునకై యనిరి, ఒకమారు దేశాభివృద్ధికై యనిరి. మూట కట్టినది ఆ చేతులే.

కావున ఆ సీమలోని పాఠశాలల పండితులకు నాదొక విన్నపము. మీ విద్యార్థుల యిండ్లలోని వృద్ధులను తేదీల నడుగకుడు. పండుముల నడుగుడు, వానల నడుగుడు. ఎవరి పక్షమని యడుగకుడు. ఆ రాత్రి కుండలో నేముండెనని యడుగుడు. స్త్రీలను వేరుగా నడుగుడు. కోయభాషలో జెప్పిన మాటను తెలుగులిపిలో ఆ భాషలోనే వ్రాసి, ప్రక్కన నర్థమును వ్రాయుడు. వారు మౌనముగా నున్నచోట మీరు మాట నందింపకుడు. "ఇచట మౌనము" అని వ్రాయుడు. పాత గూడెమును చూపగలవారుండినచో వెంటబోయి, దిబ్బను, చెట్టును, రాతిని గుర్తువేయుడు.

మన సామాన్యుడు ఏ పక్షమువాడో నేను నిర్ణయింపలేకపోతిని. నిర్ణయించుటకు సాక్ష్యము లేదని మాత్రము నిర్ణయించితిని. డెబ్బదియైదేండ్ల క్రిందట వాని వాకిట నిలిచినవారు, చీకటిలో వచ్చినవారైనను, వెలుగులో వచ్చినవారైనను, వాని మనసు తమకు దెలియునని నమ్మిరి. ఆ నమ్మకమునకు వెల వాడు చెల్లించెను. చరిత్రకారుడైనను ఆ వాకిట నిలిచి, నాకు దెలియదని యొప్పుకొని, వానిని మాటలాడనిచ్చుట న్యాయము.